కుర్చీకి ఎడమపక్క కూర్చునే మనిషికి ఏ అర్హత ఉండాలి?

గౌరవనీయులైన కేంద్ర ఆరోగ్య, కుటుంబ సంక్షేమ మంత్రిత్వ శాఖ కార్యదర్శి గారికి బహిరంగ లేఖ

దంతవైద్యశాలలో రోగి నోట్లోకి వెళ్ళే ప్రతి పరికరాన్నీ వైద్యుని కంటే ముందు తాకేదీ, వైద్యుడు వదిలేశాక మళ్ళీ తాకేదీ అసిస్టెంటు చేయే. ఆ పరికరాన్ని కడిగి, ఆరబెట్టి, సంచిలో పెట్టి, ఆటోక్లేవ్‌లో వేసి, తీసి, ట్రేలో సర్దే మనిషికి ఏమి తెలిసి ఉండాలి, ఎంతవరకు తెలిసి ఉండాలి, తెలుసునని ఎవరు పరీక్షించి చెప్పాలి అన్న ప్రశ్నలకు మన క్లినిక్కులలో ఊరికో సమాధానం, వైద్యునికో సమాధానం వినిపిస్తుంది. 1948 నాటి డెంటిస్టుల చట్టం స్థానంలో పార్లమెంటు 2023లో జాతీయ దంత కమిషన్ చట్టాన్ని ఆమోదించింది. దంతవైద్యులతో పాటు దంతవైద్య అనుబంధ సిబ్బందికి కూడా జాతీయస్థాయి రిజిస్టరు ఉండాలని ఆ చట్టం తలపెట్టింది. ఆ అనుబంధ సిబ్బంది అన్న మాటలోకి డెంటల్ అసిస్టెంట్లను ఏ అర్హతతో, ఏ దారిన తీసుకురావాలన్న ఒక్క విషయాన్నే ఈ లేఖ మంత్రిత్వ శాఖ దృష్టికి తెస్తున్నది. చదువుకొని వచ్చేవారికి ఒక దారి ఉండాలి, అందులో సందేహం లేదు. అయితే ఇప్పటికే ఏళ్ళ తరబడి ఆ పని చేస్తున్నవారి అనుభవాన్ని గంటల లెక్కన గుర్తించి, వారిని పరీక్షకు కూర్చోనిచ్చే రెండో దారి కూడా ఉండి తీరాలన్నది ఈ లేఖ సారాంశం.

1948 చట్టం దంతవైద్య రంగంలో ముగ్గురిని గుర్తించింది. పట్టా పొంది చికిత్స చేసే దంతవైద్యుడు మొదటివారు. పళ్ళ మీది గారను గీకి, శుభ్రపరచి, మెరుగుపెట్టి, నోటి శుభ్రత గురించి బోధించే డెంటల్ హైజీనిస్టు రెండవవారు. కట్టుడు పళ్ళూ, నోటిలో అమర్చే ఇతర ఉపకరణాలూ తయారుచేసే, మరమ్మతు చేసే డెంటల్ మెకానిక్కు మూడవవారు. ఈ ముగ్గురికీ వేర్వేరు రిజిస్టర్లు ఏర్పడ్డాయి. వైద్యుడు పని చేస్తున్నంతసేపూ ఎదుటి స్టూలు మీద కూర్చొని సక్షన్ గొట్టం పట్టుకొనే నాలుగో మనిషికి ఆ చట్టంలో నిర్వచనం లేదు. ఇందుకు ఆనాటి శాసనకర్తలను తప్పుపట్టనక్కరలేదు. ఆ రోజులలో దంతవైద్యుడు నిలబడే పని చేసేవాడు, రోగి మధ్యమధ్య లేచి పక్కనున్న తొట్టిలో ఉమ్మేవాడు, రెండో జత చేతుల అవసరం ఇప్పుడున్నంతగా ఉండేది కాదు.

ఆ అవసరాన్ని తెచ్చిపెట్టింది ఒక యంత్రం. గాలి ఒత్తిడితో నిమిషానికి సుమారు మూడు లక్షల చుట్లు తిరిగే డ్రిల్లు 1957లో ఎయిరోటార్ అన్న పేరుతో అమెరికాలో వాడకంలోకి వచ్చింది. మన వైద్యులు నేటికీ ఆ పనిముట్టును ఆ పేరుతోనే పిలుస్తారు. అంత వేగంతో పన్నును తాకితే పుట్టే వేడికి పన్ను లోపలి జీవపదార్థం దెబ్బతింటుంది కనుక దాని మీద ఎడతెగకుండా నీళ్ళు చిమ్మాలి, చిమ్మిన నీళ్ళు గొంతులోకి పోకుండా లాగాలి, లాగే గొట్టం నాలుకనూ బుగ్గనూ పక్కకు తప్పిస్తూ వైద్యుని చూపుకు అడ్డురాకుండా ఉండాలి. ఇవన్నీ ఒక్కరి రెండు చేతులతో కానివి. కాబట్టి రోగిని పడుకోబెట్టి, ఇద్దరూ చెరోపక్క కూర్చొని చేసే నాలుగు చేతుల దంతవైద్యం రూపుదిద్దుకొన్నది. రోగి ముఖాన్ని గడియారంగా, తల పైభాగాన్ని పన్నెండు గంటల స్థానంగా భావిస్తే, కుడిచేతి వాటం గల వైద్యుడు ఏడు నుంచి పన్నెండు వరకు గల చోటులో, అసిస్టెంటు రెండు నుంచి నాలుగు వరకు గల చోటులో కూర్చుంటారు. పనిముట్లు చేతులు మారేది రోగి గడ్డం కింద, నాలుగు నుంచి ఏడు మధ్య. అంటే అసిస్టెంటు స్థానం రోగికి ఎడమపక్క. ఈ నాలుగు చేతులలో రెండింటికి ఐదేళ్ళ చదువూ, రిజిస్ట్రేషనూ, నైతిక నియమావళీ ఉన్నాయి. మిగతా రెండింటికి క్లినిక్కులో చేరిన మొదటి వారం చూసి నేర్చుకొన్నదే చాలాచోట్ల చదువు.

మన చట్టం వచ్చిన 1948లోనే అమెరికాలో డెంటల్ అసిస్టెంట్లను పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే మండలి ఏర్పడింది. నేడు షికాగో కేంద్రంగా పనిచేస్తున్న డెంటల్ అసిస్టింగ్ నేషనల్ బోర్డు అదే. అది ఇచ్చే సర్టిఫైడ్ డెంటల్ అసిస్టెంట్ గుర్తింపును పొట్టిగా సి.డి.ఏ. అంటారు. ఆ మండలి ఏర్పడేనాటికే దాని వెనుక అరవై ఏళ్ళకు పైబడిన చరిత్ర ఉన్నది. న్యూ ఆర్లియన్స్ నగరపు దంతవైద్యుడు ఎడ్మండ్ కెల్స్ 1885లో ఒక స్త్రీని తన క్లినిక్కులో సహాయానికి నియమించుకోవడంతో ఈ వృత్తి మొదలైందని దంతవైద్య చరిత్రకారులు చెబుతారు. తోడు లేకుండా పరపురుషుని గదిలోకి వెళ్ళడానికి స్త్రీలు సంకోచించే ఆ కాలంలో, లోపల ఒక ఆడమనిషి ఉన్నదని తెలియడమే రోగులకు ధైర్యంగా ఉండేది. పల్లెటూరి తెలుగు కుటుంబాలలో నేటికీ ఆ సంకోచమూ ఉన్నది, ఆ ధైర్యమూ ఉన్నది. క్రమంగా ఆ ఉద్యోగాలు వేలాదిగా పెరిగాక, న్యూయార్కులో అసిస్టెంటుగా పనిచేసిన జూలియెట్ సదర్డ్ నాయకత్వాన 1924లో అమెరికన్ డెంటల్ అసిస్టెంట్స్ అసోసియేషన్ ఏర్పడింది. పరీక్ష పెట్టే మండలి పుట్టింది ఆ సంఘం కడుపునుంచే. పరీక్ష కోరింది పని చేయించుకొనేవారు కాదు, పని చేసేవారు. తమ పనికి ఒక కొలత ఉంటేనే ఒక విలువ ఉంటుందని వారు గ్రహించారు. మన దేశంలో ఈ చర్చ జరిగినప్పుడల్లా అర్హత అన్న మాటను పై నుంచి వేసే బరువుగానే చూడడం వాడుక అయింది కనుక ఈ చరిత్రను గుర్తుచేయవలసి వస్తున్నది.

సి.డి.ఏ. పరీక్షకు కూర్చోవడానికి మూడు దారులున్నాయి. మొదటిది చదువు దారి. కమిషన్ ఆన్ డెంటల్ అక్రెడిటేషన్, అంటే దంతవైద్య విద్యాసంస్థల నాణ్యతను పరిశీలించి గుర్తింపునిచ్చే అక్కడి సంస్థ, ఆమోదించిన డెంటల్ అసిస్టింగ్ కోర్సును పూర్తి చేసినవారు ఈ దారిన వస్తారు. ఆ కోర్సులో కనీసం 900 గంటల బోధన ఉండాలి, అందులో 300 గంటలు నిజమైన రోగుల మధ్య, నిజమైన కుర్చీ పక్కన గడవాలి. రెండవది అనుభవం దారి. హైస్కూలు చదువు పూర్తిచేసి, దంతవైద్యుని వద్ద కనీసం రెండేళ్ళ వ్యవధిలో 3,500 గంటలు అసిస్టెంటుగా పని చేసి, ఆ గంటలను పనిచేయించుకొన్న దంతవైద్యుడు ధ్రువపరిస్తే చాలు, కళాశాల గడప తొక్కకపోయినా పరీక్షకు అర్హత లభిస్తుంది. మూడవ దారి ముఖ్యంగా దంతవైద్య పట్టా ఉన్నవారిది. అమెరికా బయట ఆ పట్టా పొందినవారికి కూడా అది తెరిచే ఉంటుంది. ఏ దారిన వచ్చినా గుండె ఆగినప్పుడు ఛాతీ నొక్కి, శ్వాస అందించి ప్రాణం నిలిపే సి.పి.ఆర్. శిక్షణ, చేతితో చేసి చూపి పొందిన ధ్రువపత్రంతో సహా, తప్పనిసరి. మత్తు ఇంజక్షన్ వేసిన రెండో నిమిషంలో కుర్చీలో స్పృహ తప్పే రోగిని చూసిన ఏ వైద్యుడైనా ఈ నిబంధన ఎందుకో వెంటనే గ్రహిస్తాడు.

ఈ మూడింటిలో ఎక్కువ ఆలోచన పెట్టవలసింది రెండవ దారి మీద. 3,500 గంటలు అన్న అంకె వెనుక ఒక లెక్క ఉన్నది. వారానికి 35 గంటల చొప్పున ఏడాదికి 50 వారాలు పని చేస్తే 1,750 గంటలు, రెండేళ్ళకు 3,500. అంటే రెండేళ్ళు నిలకడగా ఒక పని చేసిన మనిషికి ఆ పని గురించి అడగదగిన ప్రశ్నలు ఉంటాయని ఆ నిబంధన అంగీకరిస్తున్నది. అనుభవాన్ని చదువుకు సమానమని అది ప్రకటించలేదు. అనుభవం పరీక్ష గదిదాకా తీసుకువెళ్ళగలదని మాత్రమే ఒప్పుకొన్నది; గదిలో అందరికీ ఒకటే ప్రశ్నపత్రం. ఈ తేడా చిన్నదిగా కనిపించినా న్యాయమంతా అందులోనే ఉన్నది.

పరీక్ష మూడు భాగాలు. కుర్చీ పక్కన చేసే పనుల మీద ఒకటి, రేడియేషన్ భద్రత మీద ఒకటి, అంటువ్యాధుల నివారణ మీద ఒకటి. మూడింటినీ ఐదేళ్ళలోపు నెగ్గితే సి.డి.ఏ. గుర్తింపు లభిస్తుంది. ఆ తరువాత ఏటా 12 క్రెడిట్ల కొనసాగింపు చదువు, చెల్లుబాటులో ఉన్న సి.పి.ఆర్. పత్రం చూపించి దాన్ని పునరుద్ధరించుకోవాలి. చివరి రెండు భాగాలకు, అంటే రేడియేషన్‌కూ అంటువ్యాధులకూ సంబంధించిన వాటికి, కూర్చోవడానికి ముందస్తు చదువు గానీ అనుభవం గానీ అవసరం లేదు. నిన్న చేరిన అసిస్టెంటు కూడా రేపు ఆ పరీక్ష రాయవచ్చు. రోగికి హాని కలిగించగల విషయాలలో జ్ఞానం మొదటి రోజునుంచే ఉండాలి గనుక ఆ తలుపులను అడ్డంకులు లేకుండా వదిలిపెట్టడం వివేకం.

అంటువ్యాధుల నివారణ అన్న పెద్ద మాటను మన క్లినిక్కులోని సింకు దగ్గరకు తీసుకువచ్చి చూడాలి. పన్ను పీకిన ఫోర్సెప్స్‌ను నీళ్ళలో మరిగిస్తే శుభ్రమైపోతుందన్న నమ్మకం ఇంకా పూర్తిగా పోలేదు. మరిగే నీరు 100 డిగ్రీలు దాటదు. కొన్ని సూక్ష్మజీవులు గట్టి పెంకు వంటి పొరలో ముడుచుకొని, బీజరూపంలో ఆ వేడిని తట్టుకొంటాయి. ఆటోక్లేవ్ చేసేది ప్రెషర్ కుక్కరు చేసే పనే: ఆవిరిని ఒత్తిడిలో బంధించి వేడిని 121 డిగ్రీలకో, యంత్రాన్ని బట్టి అంతకు పైకో చేర్చి, నిర్ణీత సమయం అక్కడ నిలపడం. అయితే యంత్రం పని చేసినంత మాత్రాన పని అయినట్లు కాదు. నెత్తురు ఎండి అంటుకొన్న పరికరాన్ని సరిగా కడగకుండా పెడితే ఆవిరి దాన్ని తాకదు. సాయంత్రం రద్దీలో ట్రేలన్నీ ఒకేసారి కుక్కితే మధ్యలో ఉన్న సంచులకు ఆవిరి చేరదు. ఇంకా తడిగా ఉన్న సంచిని బయటకు తీసి బల్ల మీద పెడితే తడిసిన కాగితంలోంచి క్రిములు లోపలికి చేరతాయి. సంచి మీది పట్టీ రంగు మారడం వేడి తగిలిందని చెబుతుందే తప్ప క్రిములు చచ్చాయని చెప్పదు. ఆ సంగతి తేల్చడానికి వేడిని గట్టిగా తట్టుకొనే ఒక బాక్టీరియా బీజాలను నింపిన పరీక్షాపట్టీని సరుకుతో పాటు లోపల పెట్టి, తరువాత అవి మొలకెత్తాయో లేదో చూడాలి, అదీ కనీసం వారానికొకసారి. ఈ వాక్యాలలో ఏ ఒక్కటీ దంతవైద్య కళాశాలకు మాత్రమే అర్థమయ్యేది కాదు. పదో తరగతి చదివిన మనిషికి ఒక మధ్యాహ్నం కూర్చోబెట్టి చెబితే జీవితాంతం గుర్తుంటుంది. చెప్పే ఏర్పాటూ, విన్నారో లేదో చూసే ఏర్పాటూ లేకపోవడమే లోపం.

మన దేశపు నియమాలు ఈ విషయంలో మౌనంగా లేవు. 2016 నాటి బయోమెడికల్ వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం నెత్తుటి దూది పసుపు సంచిలోకి, సక్షన్ గొట్టాలూ చేతి తొడుగులూ ఎరుపు సంచిలోకి, సూదులూ బ్లేడులూ గుచ్చుకోని తెల్లటి డబ్బాలోకి, మందుసీసాల వంటి గాజు వస్తువులు నీలం పెట్టెలోకి పోవాలి. ఈ వ్యర్థాలను ముట్టుకొనే సిబ్బందికి పనిలో చేరినప్పుడూ, ఆపైన ఏడాదికొకసారీ శిక్షణ ఇవ్వాలని, హెపటైటిస్-బి, ధనుర్వాతం వంటి వ్యాధులకు టీకాలు వేయించాలని కూడా అవే నియమాలు చెబుతున్నాయి. సూది వాడిన తరువాత మూత తొడగడానికి రెండు చేతులూ వాడకుండా, మూతను ట్రేలో ఉంచి ఒంటి చేత్తో సూదితో అందుకొనే పద్ధతి ఒకటి ఉన్నది. అది తెలియక వేలు గుచ్చుకొన్న అసిస్టెంటుకు ఆ రోజు రోగి ఎవరో, అతని రక్తంలో ఏముందో అన్న దిగులు నెలల తరబడి ఉంటుంది. అర్హత అన్నది రోగి రక్షణకు ఎంత అవసరమో ఆ అసిస్టెంటు రక్షణకూ అంతే అవసరం.

రేడియేషన్ సంగతికి వస్తే, పైన చెప్పిన ఎడ్మండ్ కెల్స్ జీవితమే దానికి పాఠం. రాంట్‌జెన్ ఎక్స్‌రేలను కనుగొన్న మరుసటి ఏడాదే, 1896లో, ఆయన పళ్ళకు ఎక్స్‌రే తీయడం మొదలుపెట్టాడు. యంత్రాన్ని సరిచూసుకోవడానికి తన చేతినే పదేపదే కిరణాలకు అడ్డుపెట్టి, క్రమంగా వేళ్ళూ, పిదప చేయీ క్యాన్సరుకు పోగొట్టుకొని 1928లో మరణించాడు. నోటిలోని తడిని యంత్రంతో లాగే సక్షన్ పరికరానికి రూపమిచ్చినవారిలోనూ ఆయన ఒకడు. అసిస్టెంటు చేతిలోని గొట్టమూ, అసిస్టెంటు దూరంగా ఉండవలసిన కిరణమూ రెండూ ఆ ఒక్క వైద్యుని గదిలో కలిశాయి. మన దేశంలో దంత ఎక్స్‌రే యంత్రం అణుశక్తి నియంత్రణ మండలి అనుమతుల పరిధిలోకి వస్తుంది. యంత్రానికి నమోదు ఉన్నట్లే దాని పక్కన నిలబడే మనిషికి జ్ఞానమూ ఉండాలి. కిరణం వచ్చే దిక్కున కాక పక్కకు తొలగి, ఆరడుగుల దూరాన నిలవాలని; ఏడ్చే పిల్లవాడి నోట్లో ఫిల్ము నిలవడం లేదని తన వేలితో పట్టుకోరాదని; గర్భిణిగా ఉన్న అసిస్టెంటు ఆ సంగతిని ముందే చెప్పుకోవడం తన హక్కని తెలియని మనిషిని ఆ గదిలో నిలబెట్టకూడదు.

ఈ సి.డి.ఏ. మాట తెలుగువారికి కొత్తది కాదు. హైదరాబాదులోనో, విజయవాడలోనో నాలుగేళ్ళు చదివి, ఏడాది ఇంటర్న్‌షిప్ చేసి బి.డి.ఎస్. పట్టా పుచ్చుకొని, పెళ్ళితో అమెరికా చేరిన తెలుగు యువతులలో ఆ మూడవ దారిని ఎంచుకొన్నవారు ఉన్నారు. అక్కడ వైద్యురాలిగా పని చేయాలంటే 2020లో మొదలైన ఐ.ఎన్.బి.డి.ఇ. అనే జాతీయస్థాయి పరీక్ష నెగ్గాలి, ఆపైన చాలా రాష్ట్రాలలో అక్కడి కళాశాలలో మళ్ళీ రెండు మూడేళ్ళు చదవాలి, ఆ చదువుకు పెద్ద మొత్తంలో డబ్బు కావాలి. ఆ లోగా, ఉద్యోగానుమతి ఉన్నవారికి అసిస్టెంటు పని ఒక ఆధారం, అక్కడి క్లినిక్కుల తీరు నేర్చుకొనే బడి కూడా. వైద్యురాలిగా పట్టా ఉన్నా సి.డి.ఏ. గుర్తింపు కావాలంటే ఆ పరీక్ష రాయక తప్పదన్న సంగతిని మంత్రిత్వ శాఖ ప్రత్యేకంగా గమనించాలి. రోగనిర్ధారణ తెలిసిన మనిషికి చేతికి చేయి అందించే పని తెలిసి ఉంటుందన్న హామీ లేదని, అసిస్టెంటు పని వైద్యుని పనిలో చిన్న ముక్క కాక దానికదే ఒక విద్య అని ఆ నిబంధన అంగీకరిస్తున్నది. కుర్చీకి రెండు పక్కలా కూర్చొని చూసిన ఈ తెలుగు వైద్యుల సలహా, మన పాఠ్యప్రణాళిక రాసేవారు కోరదగినది.

ఆ విద్య ఎటువంటిదో చూడడానికి దూరం పోనక్కరలేదు. కట్టుడు పళ్ళకు కొలత తీయడానికి వాడే ఆల్జినేట్ అనే పొడిని నీళ్ళలో కలిపి, ట్రేలో నింపి, రోగి నోట్లో నొక్కితే రెండు మూడు నిమిషాలలో రబ్బరులా గట్టిపడుతుంది. నీళ్ళు వెచ్చగా ఉన్నకొద్దీ అది తొందరగా గట్టిపడుతుంది. మే నెలలో మేడ మీది ట్యాంకులోంచి వచ్చే కొళాయి నీళ్ళతో కలిపితే ట్రే నోటిదాకా చేరకముందే ముద్ద బిగుసుకొంటుంది. కనుక ఎండాకాలం వచ్చేసరికి ఫ్రిజ్‌లో ఒక సీసా నీళ్ళు విడిగా పెట్టుకొనే అసిస్టెంట్లు మన ఊళ్ళలో ఉన్నారు. ఆ సంగతి వారికి ఏ పుస్తకమూ చెప్పలేదు. పిప్పిపన్ను నింపే గ్లాస్ అయనోమర్ సిమెంట్‌ను కలిపేటప్పుడు దాని మీది తళుకు పోకముందే వైద్యుని చేతికి అందించాలని, తళుకు పోయిన ముద్ద పన్నుకు అంటుకోదని కూడా వారికి తెలుసు. ఎందుకు అంటుకోదో తెలియకపోవచ్చు. ఈ ఎందుకు అన్న ఒక్క మాటను వారికి అందించడమే అర్హత కోర్సు చేయవలసిన పని.

తెలుగు పట్టణాలలో సాధారణంగా క్లినిక్కు ఉదయం పదింటికి తెరిచి, మధ్యాహ్నం విరామం ఇచ్చి, మళ్ళీ సాయంత్రం నుంచి రాత్రి దాకా నడుస్తుంది. ఉదయం మూడున్నర గంటలూ, సాయంత్రం నాలుగున్నర గంటలూ లెక్కించినా రోజుకు ఎనిమిది గంటలు, వారానికి ఆరు రోజులకు 48 గంటలు. అమెరికన్ నిబంధన కోరే 3,500 గంటలు ఈ లెక్కన 73 వారాలలో పూర్తవుతాయి. పదేళ్ళుగా అదే స్టూలు మీద కూర్చొన్న మనిషి ఏడాదికి 50 వారాల చొప్పున 24,000 గంటలు, అంటే ఆ నిబంధనకు దాదాపు ఏడు రెట్లు, పని చేసినట్లు. అంత పని చేసినవారిని రోగులు అసిస్టెంటు అనో, సిస్టర్ అనో, కాంపౌండరు అనో, డాక్టరు గారి దగ్గర అమ్మాయి అనో పిలుస్తారు. మరో ఊరికి మారితే ఆ పదేళ్ళూ కాగితం మీద సున్నా. కొత్త నియమం కేవలం డిప్లొమా ఉన్నవారినే గుర్తిస్తే, ఈ మనుషులు ఒక్క గెజిట్ ప్రకటనతో అనర్హులవుతారు. వారి స్థానంలో ఆ ఏడాది చదివి బయటికి వచ్చిన, కుర్చీ పక్కన ఎన్నడూ కూర్చోని విద్యార్థి అర్హుడవుతాడు. అంతకంటే ఘోరం, తరగతి గది లేని కళాశాలల నుంచి సర్టిఫికెట్లు కొనుక్కొనే అంగడి ఒకటి తెరుచుకొంటుంది.

కాబట్టి మంత్రిత్వ శాఖ ముందున్న పని రెండు దారులూ ఒకేసారి తెరవడం. చదువు దారిలో వచ్చేవారికి కోర్సులో కనీసం మూడోవంతు కాలం నిజమైన క్లినిక్కులో గడవాలన్న షరతు ఉండాలి. అనుభవం దారిలో వచ్చేవారికి పదో తరగతి కనీస చదువుగా పెట్టడం మన పరిస్థితికి తగినది. అమెరికావలె పన్నెండేళ్ళ చదువు కోరితే ఇప్పుడు పని చేస్తున్నవారిలో పెద్దభాగం గుమ్మం దగ్గరే ఆగిపోతారు, ముఖ్యంగా పదో తరగతితో చదువు ఆగిపోయి, ఈ పనిలో కుదురుకొన్న ఆడపిల్లలు. పరీక్షను తెలుగులోనూ, ఇతర భారతీయ భాషలలోనూ పెట్టాలి. రోగితో తెలుగులో మాట్లాడి, వైద్యునితో తెలుగులో మాట్లాడి, ఆటోక్లేవ్ మీటను తెలుగులోనే అర్థం చేసుకొన్న మనిషిని ఇంగ్లీషు ప్రశ్నపత్రంతో కొలిస్తే కొలిచేది ఇంగ్లీషునే అవుతుంది. చదవడం కంటే చేసి చూపడం బాగా వచ్చినవారి కోసం ప్రయోగపరీక్షకు తగినంత విలువ ఇవ్వాలి. అంటువ్యాధులు, రేడియేషన్ భాగాలను విడదీసి, పనిలో చేరిన ఆరు నెలలలోపు ఎవరైనా రాసే వీలు కల్పించి, మిగతా భాగానికి గంటలు పూర్తయ్యాక పిలవడం ఉత్తమం. హెల్త్‌కేర్ సెక్టర్ స్కిల్ కౌన్సిల్ ఇదివరకే డెంటల్ అసిస్టెంటు ఉద్యోగానికి ప్రమాణాలు రూపొందించింది, నైపుణ్య శిక్షణ పథకాలలో పూర్వానుభవాన్ని గుర్తించే పద్ధతి కూడా ఉన్నది; కనుక ఈ పని శూన్యం నుంచి మొదలుకానక్కరలేదు. ఆ ప్రమాణాలకూ కమిషన్ రిజిస్టరుకూ మధ్య వంతెన కట్టడమే మిగిలినది.

దంతవైద్యులకు ఇందులో ఒక భయం ఉన్నది, అది న్యాయమైన భయం. చేతికి ప్రభుత్వ ముద్ర ఉన్న కాగితం రాగానే అసిస్టెంటు పక్క ఊరిలో సొంతంగా బోర్డు కట్టి పళ్ళు పీకడం మొదలుపెడితే ఏమవుతుందన్నదే ఆ భయం. దీనికి మందు కాగితం ఇవ్వకపోవడం కాదు, ఆ కాగితం మీదనే హద్దులు రాయడం. పన్నును కోయడం, పీకడం, మత్తు ఇంజక్షన్ ఇవ్వడం, రోగాన్ని నిర్ధారించడం, మందులు రాయడం వైద్యుని పనులనీ, వైద్యుని ప్రత్యక్ష పర్యవేక్షణ లేకుండా అసిస్టెంటు ఏ రోగి నోట్లోనూ చేయి పెట్టరాదనీ స్పష్టంగా రాసి, దాటితే రిజిస్టరు నుంచి పేరు తొలగిస్తామని చెబితే, నేడు పేరే లేని చోట లేని భయం రేపు పేరు ఉన్నందువల్ల ఉంటుంది. రిజిస్టరులో పేరు లేని మనిషిని తొలగించడం ఎవరికీ సాధ్యం కాదు.

అమెరికా నుంచి నేర్చుకోకూడనిది కూడా ఒకటి ఉన్నది. అక్కడ సి.డి.ఏ. పరీక్ష జాతీయమైనదైనా, అసిస్టెంటు ఏమి చేయవచ్చు, అందుకు ఏ కాగితం కావాలి అన్నది నిర్ణయించేది ఒక్కో రాష్ట్రపు దంతమండలి. ఒక రాష్ట్రంలో ఏ సర్టిఫికెట్టూ లేకుండా మొదటి రోజే కుర్చీ పక్కన కూర్చోవచ్చు, మరో రాష్ట్రంలో లైసెన్సు లేనిదే వీలుకాదు, ఇంకోచోట ఎక్స్‌రే మీట నొక్కడానికే వేరే అనుమతి కావాలి. పేర్లు కూడా రాష్ట్రానికొకటి. సరిహద్దు దాటిన అసిస్టెంటు మళ్ళీ మొదటినుంచి కనుక్కోవలసిన పరిస్థితి. శ్రీకాకుళంలో పని నేర్చుకొన్న మనిషి హైదరాబాదులోనో, బరంపురంలోనో, బెంగుళూరులోనో పని వెతుక్కోవడం మన దేశంలో నిత్యం జరిగేది కనుక, ఒకే పేరు, ఒకే హద్దుల పట్టిక, ఎక్కడికైనా వెంట వచ్చే ఒకే రిజిస్ట్రేషన్ సంఖ్య ఉండాలి.

చివరగా, గంటలను ధ్రువపరచడం గురించి. అక్కడ జీతం చెక్కు రూపంలో వస్తుంది, పని గంటలు లెక్క మీద ఉంటాయి, వైద్యుని సంతకం తీసుకోవడం సులువు. ఇక్కడ జీతం చాలాచోట్ల నెల మొదట్లో చేతికిచ్చే నోట్లు. నియామకపత్రం ఉండదు, జీతం చీటీ ఉండదు. ఇకమీదటి గంటల కోసం తేదీ, పని, గంటలు, వైద్యుని సంతకం అన్న నాలుగు గళ్ళ పుస్తకాన్ని ప్రతి అసిస్టెంటుకూ ఇవ్వడం కష్టమేమీ కాదు. గడిచిన ఏళ్ళకు వైద్యుని ధ్రువపత్రమో, బ్యాంకు లేదా ఫోను ద్వారా జీతం జమ అయిన దాఖలాయో, అదే ఊరిలోని మరో ఇద్దరు రిజిస్టరైన దంతవైద్యుల మాటో అంగీకరించవచ్చు. ఇవేవీ తేలేనివారూ ఉంటారు. ఇరవై ఏళ్ళు పని చేయించుకొన్న వైద్యుడు కన్నుమూసి, క్లినిక్కు మూతపడి, ఆ ఇరవై ఏళ్ళకు సాక్ష్యంగా చేతుల నేర్పు తప్ప మరేమీ మిగలనివారు వారు. అటువంటివారిని కాగితం అడగకుండా ఏదైనా ప్రభుత్వ దంతవైద్య కళాశాలకు పిలిపించి, రూట్ కెనాల్‌కు ట్రే సర్దమని, ఆల్జినేట్ కలపమని, వాడిన సూదికి మూత పెట్టమని, ఆటోక్లేవ్ నింపమని చెప్పి ఒక అధ్యాపకుడు పక్కన నిలబడి చూస్తే, పరీక్షకు కూర్చోదగినవారో కాదో అరగంటలో తేలుతుంది.